నడిచొచ్చిన అభ్యంతరం

పోయిన వారం నర్మదని ఎక్కడ వదిలిపెట్టామో గుర్తుందా? అబిడ్స్‌లో తన ఆఫీసు మెట్ల మీద, ఫోను చేతిలో పట్టుకుని, నోరు తెరుచుకుని. "నడిచొస్తున్నా" అనే ఒక్క మాట చూసి పాపం అలా నిలబడిపోయింది. ముందు మాట్లాడేసి తర్వాత ఆలోచించే పిల్లలకి ఇలాంటివి తప్పవు. నాకు మాత్రం ఆ పిల్లంటే ఇష్టం, ఏంచేస్తాం!

కొత్తగా చదివేవాళ్ల కోసం నాలుగు ముక్కలు చెప్పాలి, పాతవాళ్లు ఓపిక పట్టండి. 'కోత' అని ఒక ప్రోగ్రాం ఉంది. ఆటోల వెనకా, దుకాణాల అద్దాల మీదా అంటించే రేడియం స్టిక్కర్లని మెషీన్ చేత కోయించేది అదే. దాన్ని రాసినాయన "ఐ.ఎస్." అని సంతకం పెడతాడు. అంతకు మించి ఆయన గురించి ఎవరికీ తెలియదు. ఆయన రాసినదాన్ని కంప్యూటర్లని నడిపించే 'గోరింక' అనే ఉచిత లినక్స్ సిస్టమ్‌లో ఇమిడేలా సర్ది, ప్యాకేజీగా కట్టి, వాడేవాళ్ల కంప్యూటర్లకు చేరేలా చూసేది మన నర్మద. ఆఫీసు పని వేరు, ఇది వేరు. దీనికి జీతం లేదు, తిట్లు మాత్రం సమృద్ధిగా ఉంటాయి.

ఊరికే సర్దిపెడితే గొడవే ఉండకపోను. సర్దుతూ సర్దుతూ నర్మద కాస్త చెయ్యి పెట్టింది. బ్లేడు మూల తిరిగే ప్రతిచోటా 'కోత' దాన్ని ఒక్క క్షణం ఆగమంటుంది. ఆ ఆగడం దండగనిపించి, తన ప్యాకేజీ వరకు తీసేసింది. పని వేగం పెరిగింది, అందరూ భేష్ అన్నారు. కొన్నాళ్లకి ఐ.ఎస్. కొత్త వెర్షన్ విడుదల చేశాడు. అప్పట్నించి అక్షరాలు చిరిగిపోతున్నాయని జనం మొత్తుకోవడం మొదలుపెట్టారు. మొత్తుకున్నది నర్మద దగ్గర కాదు, ఐ.ఎస్. దగ్గర. ఆయనకి ఒళ్లు మండింది. "నా ప్రోగ్రాంని పాడుచేసి నా పేరుతోనే పంచుతున్నారు, తీసెయ్యండి" అని గోరింక వాళ్ల పేజీలో అందరూ చూసేలా అభ్యంతరం రాశాడు. ఈ ఆదివారం గోరింక కొత్త విడుదలకి తలుపులు మూస్తారు. అప్పటికీ ఆ అభ్యంతరం అక్కడే ఉంటే 'కోత' గోరింక బయట పడిపోతుంది.

బయట పడితే ఏం పోయింది అంటారా? నాంపల్లి స్టేషన్ రోడ్డు పక్క సందులో నర్మద తండ్రి మల్లయ్యకి రేడియం షాపుంది. కూతురు మాట విని పాత సిస్టమ్ తీయించి గోరింక పెట్టించుకున్న మొదటి మనిషి ఆయన. అక్కడితో ఊరుకున్నాడా? "మా బిడ్డ పెట్టింది, ఫ్రీ, వైరస్ గియిరస్ ఏం రాదు" అని చెప్పి చెప్పి సందులో ఉన్న రేడియం షాపులన్నిటికీ అదే పెట్టించాడు. ఇప్పుడు నుమాయిష్ ఎగ్జిబిషన్ దగ్గరికొచ్చింది, స్టాళ్ల బోర్డులన్నీ ఆ సందులోనే తయారవ్వాలి. 'కోత' పోతే మల్లయ్య ఆ సందులో తలెత్తుకుని తిరగలేడు. నర్మద భయమంతా అదే.

అందుకే కోపంలో "దమ్ముంటే మా బాపు షాపుకొచ్చి, మెషీన్ ముందు నిలబడి చెప్పండి" అని రాసింది. ఏ సముద్రాల అవతలి మనిషో అన్న ధీమా. "షాపెక్కడ?" అని జవాబొచ్చింది. "హైదరాబాద్, నాంపల్లి స్టేషన్ రోడ్డు పక్క సందు, మల్లయ్య రేడియం షాపు" అని వెటకారంగా రాసింది. దానికి వచ్చిందండీ ఆ ఒక్క మాట.

నర్మద ఒక పూట సెలవు పెట్టి మెట్లు దిగింది. బస్సులన్నీ కదలకుండా వరసగా నిలబడి ఉన్నాయి. ఆటోవాళ్లు ఆ ట్రాఫిక్‌లోకి రామన్నారు. సరే, తనూ నడకే. నడుస్తున్నంతసేపూ పక్కన పోయే ప్రతి మగాడినీ అనుమానంగా చూసింది. కోటు వేసుకున్న ఒకాయన కోపంగా కనిపిస్తే ఈయనే అనుకుంది. ఆయన చెప్పుల దుకాణంలోకి పోయాడు. ఆ వెనకే ఎర్ర మఫ్లరూ, చేతుల్లేని స్వెట్టరూ వేసుకున్న ఒక పెద్దాయన బేకరీ ముందు నిలబడి బిస్కెట్ల కోసం బేరమాడుతున్నాడు. ఆయన్ని దాటుకుని చకచకా వెళ్లిపోయింది.

షాపుకి చేరేసరికి మల్లయ్య రేడియం రోలు మెషీన్‌కి ఎక్కిస్తున్నాడు. స్టూలు మీద సురేందర్ కూర్చుని ఉన్నాడు. ఆయనది ఆటో. వెనక అద్దం మీద కూతురు మనస్విని పేరు అంటించుకోవాలని పొద్దుట్నించీ కూర్చున్నాడు. రెండుసార్లు కోశారు, రెండుసార్లూ అక్షరాలు నలిగి చిరిగాయి.

"బాపూ, ఒకాయన వస్తుండు. నన్ను తిట్టనీకి," అంది నర్మద ఆయాసంతో.

"తిట్టనీకా? ఎవడు వాడు?" మల్లయ్య చేతిలో రోలు అలాగే ఆగిపోయింది.

"వాడు గీడు అనకు బాపూ, 'కోత' రాసినాయన. నేనే రమ్మన్న."

"నువ్వే పిలిచినవా? నీకేమన్న దిమాక్ ఉన్నదా బిడ్డా!" అని తిడుతూనే మల్లయ్య కుర్చీ మీద కత్తిరింపులన్నీ తీసి తుడవడం మొదలుపెట్టాడు. తిట్టడానికొచ్చేవాడైనా కుర్చీ లేకుండా ఎలా?

అంతలో గుమ్మం దగ్గర దగ్గు వినబడింది. ఎర్ర మఫ్లరు! చేతుల్లేని స్వెట్టరు! ఒక చేతిలో బిస్కెట్ల పొట్లం.

"నర్మద ఎవరు ఈడ?"

నర్మదకి నవ్వొచ్చింది, భయమేసింది, రెండూ ఒకేసారి. ఇన్నాళ్లూ ఒక్కొక్క వాక్యంతో తన నిద్ర చెడగొట్టిన భయంకరమైన ఐ.ఎస్. ఈయనా? తన భుజాల దాకా కూడా రాడే!

"నేనే సార్."

"ఇంద్రసేన. అబిడ్స్, చిరాగ్ అలీ లేన్," అని పొట్లం మల్లయ్య చేతిలో పెట్టాడు. "ఇది మీకు. ఒకరింటికి పోతూ చేతులూపుకుంటా ఎట్లొస్తం? కొట్లాట కొట్లాటే, మర్యాద మర్యాదే."

"కూసోండ్రి సార్, చాయ్ చెప్త," అన్నాడు మల్లయ్య. బిస్కెట్లు చూడగానే ఆయన సగం అటువైపు పోయాడని నర్మదకి అర్థమైంది.

ఇంద్రసేన కూర్చోలేదు. నిలబడే మొదలుపెట్టాడు.

"చూడు బేటా. నేనొక కూర వండిన. నువ్వు దాన్ని క్యారియర్ల పెట్టి ఊరంతా పంపుతున్నవ్. మంచిదే, సంతోషం. కానీ పంపేముందు మూత తీసి నువ్వు దాంట్లకెల్లి ఏదో తీసేస్తివి. తిన్నోళ్లు ఎవర్ని తిడుతున్నరు? నిన్నా? నన్ను! పొద్దున లేస్తే మెయిల్ నిండ తిట్లే. నా వయసుకి నాకు ఈ తిట్లు అవసరమా చెప్పు?"

"మీకు రాసిన గద సార్!" నర్మద ఆగలేకపోయింది. "గా ఆగుడు ఎందుకు పెట్టిన్రు, తీసేస్తే ఏమైతదని ఎన్నిసార్లు అడిగిన? మీరేమని జవాబిచ్చిన్రు? 'కోడ్ చదువు' అన్నరు. గంతే!"

"అది జవాబే!"

"అది జవాబా సార్?"

"ఇంట్ల నేను గూడ గట్లనే అంట సార్, మా ఇంటామె జమున ఏమన్న అడిగితే," అని మల్లయ్య మధ్యలో దూరాడు. "ఇగ ఆ పూట నాకు బువ్వ పెట్టదు."

సురేందర్ ఫక్కున నవ్వాడు. ఇంద్రసేన మూతి కూడా కాస్త వంకర తిరిగింది కానీ, వెంటనే సర్దుకున్నాడు. కోపంగా ఉండాలని నిర్ణయించుకుని అంత దూరం నడిచొచ్చిన మనిషి, నవ్వేస్తే ఎలా!

"సరే, ఇప్పుడు చెప్త, విను," అని బ్లేడు వైపు వేలు చూపించాడు. "ఈ బ్లేడు మొన జర పక్కకి ఉంటది. మూల దగ్గర అది తిరగాలె. కొత్త మెషీన్ల టక్కున తిరుగుతది. పాత మెషీన్ల తిరగనీకి జర టైం కావాలె. ఆ ఆగుడు దానికే. నువ్వు తీసేస్తివి. పాత మెషీన్లు ఉన్నోళ్లందరికీ మూలలు చీరుతున్నయి."

నర్మద మెషీన్ వైపు చూసింది. బాపు మెషీన్ మరీ పాతది కాదు. ఆ ఆగడం తీసేసిన కొత్తలో ఇక్కడ ఏమీ కాలేదు. ఇక్కడ కాలేదు కాబట్టి ఎక్కడా కాదని అనుకుంది. గౌలిగూడలోనో, వరంగల్‌లోనో, ఎక్కడో పాత మెషీన్ పెట్టుకుని బతికే మనిషి ఆమె లెక్కలోకే రాలేదు. మొహం వేడెక్కింది. ఈయన ఆ రెండు ముక్కలూ ముందే రాసి ఉంటే అని ఉక్రోషం ఉంది. అయినా తప్పు తప్పే కదా.

"సారీ సార్. నేను గట్ల సోచాయించలే," అంది. "ఇప్పుడే పెట్టేస్త."

పెట్టేసింది కూడా. కంప్యూటర్ ముందు కూర్చుని తను తీసేసిన దాన్ని యథాతథంగా తిరిగి పెట్టి, ప్యాకేజీ మళ్లీ కట్టి, షాపు కంప్యూటర్లోనే ఎక్కించింది. ఆ పని జరుగుతున్నంతసేపు ఇంద్రసేన చాయ్ తాగుతూ ఆమె భుజం మీదుగా చూశాడు. మధ్యలో ఒకసారి "సఫాయిగా చేస్తవ్ పని" అని గొణిగాడు. అది పొగడ్త అని గ్రహించడానికి నర్మదకి కాస్త సేపు పట్టింది.

"ఇగ కొయ్యి మల్లయ్యా," అన్నాడు ఇంద్రసేన, గెలిచిన మనిషి గొంతుతో. "చూడు, ఎట్లొస్తదో."

సురేందర్ స్టూలు ముందుకి జరుపుకున్నాడు. మెషీన్ జర్రుమని కదిలింది. మూల దగ్గర ఆగింది, తిరిగింది, మళ్లీ ఆగింది. 'మ' చుట్టూ అందంగా ఒక చుట్టు తిరిగొచ్చింది. తర్వాత 'మ' లోపలి గుండ్రం దగ్గరికి వచ్చింది. అప్పటికే చుట్టూ కోసేసి ఉండడంతో అక్షరం కాగితం మీద వదులైపోయింది. బ్లేడు తగలగానే అది పక్కకి జరిగి, ముడత పడి, సర్రున చిరిగింది.

సురేందర్ "మళ్లొకసారి పాయె" అన్నాడు నీరసంగా.

చెప్పొద్దూ, నర్మద లోపల ఒక చిన్న దయ్యం గంతేసింది. చూసినవా సార్, నా తప్పొక్కటే కాదు, అని అరవాలనిపించింది. నోటిదాకా వచ్చింది కూడా. కానీ ఇంద్రసేన మొహం చూసి ఆగిపోయింది.

ఆయన మెషీన్ మీదికి వంగిపోయి ఉన్నాడు, కళ్లజోడు ముక్కు కొసకి జారింది. "బయటి గీత ముందు కోస్తుందేంది?" అన్నాడు మెల్లగా. "లోపలిది ముందు కొయ్యాలె. బయటిది ఆఖరికి. ముందే బయట కోసేస్తే ముక్క ఇగ ఆగుతదా?"

"మీ కొత్త వెర్షన్ల గట్లనే ఉంది సార్."

"నా కొత్త వెర్షన్ల..." ఆయన గొంతు తగ్గిపోయింది. "ఔ. దగ్గరి దారి పెట్టిన. బ్లేడు అటూ ఇటూ ఊరికె తిరగకుండ, దగ్గర ఏ గీతుంటే అది కోసుకుంట పోవాలని. లెక్క కరెక్టే వచ్చింది. మస్తుగ వచ్చింది."

"మరి మెషీన్ మీద కోసి చూడలేదా సార్?"

మామూలుగా అడిగిన ప్రశ్నే. మంచి ఉద్దేశంతో అడిగిందే. కానీ ఇంద్రసేన కుర్చీలో కూలబడిపోయాడు. మఫ్లరు విప్పి ఒళ్లో పెట్టుకున్నాడు.

"నా దగ్గర మెషీన్ లేదు బేటా."

"రిపేరా సార్?"

"లేదంటున్న గద. ఇన్స్టిట్యూట్‌ల డ్రాయింగ్ చెప్పేటప్పుడు ఆడ ఒకటుండె. దాని కోసమే 'కోత' రాసిన. నేను రిటైర్ అయినంక దాన్ని తుక్కుల పడేసిన్రు. అప్పటికే ఎంతమందో వాడుతున్నరు ప్రోగ్రాం. ఎట్ల ఆపుత? రాసుకుంట పోయిన. కళ్లు మూసుకుంటే బ్లేడు తిరుగుతున్నట్టే కనబడ్తది నాకు. అది చాలనుకున్న."

"అరె, చెప్పొచ్చు గద సార్ ఎవరికన్న!"

"ఏమని చెప్పాలె? మెషీన్ లేనోడు మెషీన్ ప్రోగ్రాం రాస్తుండంటే నవ్వరా జనం? అందుకే ఎవరేమడిగినా 'కోడ్ చదువు' అని తోసేసిన. ఎక్కువ మాట్లాడితే బయట పడ్తనని." నవ్వబోయాడు కానీ నవ్వు రాలేదు. "నిన్ను చాన తిట్టిన బేటా. ఆ తిట్లన్నీ నాయే."

నర్మదకి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఈ మనిషిని ఎన్ని రాత్రులు శపించింది! అబిడ్స్ నుంచి నాంపల్లికి ఎంత దూరమని? ఈ నాలుగడుగులూ తనే ముందు నడిచి ఉంటే? బాపు షాపులో మెషీన్ ఉంది, ఆ లేన్‌లో ఆయన ఉన్నాడు, మధ్యలో తను ఉంది. అయినా ముగ్గురూ ముఖాలు చూసుకోవడానికి ఒక కొట్లాట కావలసొచ్చింది.

"సార్," అంది ముక్కు తుడుచుకుని, "నేను ఆగుడు తీసేసిన. మీరు దారి మార్చిన్రు. ఇద్దరం సమానమే. లేవండ్రి, కీబోర్డు మీ దిక్కు తిప్పుత."

మల్లయ్య ఇంకో చాయ్ తెప్పించాడు. ఇంద్రసేన కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. కీబోర్డు మీద ఆయన వేళ్లు కదులుతుంటే నర్మద పక్కన నిలబడి చూసింది. మహా అంటే పది పన్నెండు వరుసల మార్పు. దగ్గరి దారి పోయింది, లోపలి గీతలు ముందుకొచ్చాయి. ఈసారి మెషీన్ కదిలినప్పుడు ఇంద్రసేన కళ్లు మూసుకోలేదు, రెప్ప కూడా వేయలేదు. లోపలి గుండ్రం, తర్వాత బయటి చుట్టు. ఒక్క ముడత లేకుండా 'మనస్విని' మొత్తం పేరు వచ్చింది.

"వచ్చె!" అని అరిచాడు సురేందర్. మల్లయ్య అంచు పట్టి మెల్లగా అనవసరమైన రేడియం లాగేస్తుంటే, పేరు తళతళలాడుతూ బయట పడింది. సురేందర్ అప్పటికప్పుడే ఆటో అద్దం తుడిచి అంటించుకున్నాడు. పోతూ పోతూ ఇంద్రసేన చేతులు పట్టుకుని "సార్, మీరెవరో నాకు తెల్వది గానీ, సల్లగుండాలె" అన్నాడు. ఇంద్రసేన దుకాణం బయట నిలబడి, ఆటో సందు మలుపు తిరిగేదాకా ఆ అద్దం వైపే చూశాడు. తన ప్రోగ్రాం కోసినదాన్ని ఆయన కళ్లతో చూసి ఎన్నాళ్లయిందో!

లోపలికొచ్చి, "ఇగ ఆ అభ్యంతరం సంగతి," అన్నాడు. నర్మద పేజీ తెరిచి ఇచ్చింది. చాలా సేపు టైపు చేశాడు. పంపేముందు లేచి నిలబడి, బడిలో పిల్లాడు పాఠం అప్పజెప్పినట్టు, ఇంగ్లీషులో రాసినదాన్ని అందరికీ తెలుగులో చదివి వినిపించాడు.

"నర్మద ప్యాకేజీ మీద నేను పెట్టిన అభ్యంతరం వాపసు తీసుకుంటున్నాను. అక్షరాలు చిరగడానికి కారణం నా కొత్త వెర్షన్. నా దగ్గర మెషీన్ లేదు, చాలా ఏళ్లుగా లేదు, అందుకే నాకు ఆ తప్పు తెలియలేదు. ఆమెను నిందించినందుకు క్షమించాలి. సరిదిద్దిన వెర్షన్ ఇదిగో. ఇంద్రసేన, అబిడ్స్, హైదరాబాద్."

"గా మెషీన్ లేదన్న ముక్క తీసెయ్యండ్రి సార్," అంది నర్మద. "ఎవరికీ అవసరం లేదది."

"ఉండనీ. ఇన్నేళ్లు దాచిన. బరువు దిగిపోతది." పంపేశాడు. పంపి, పూర్తి పేరుతో మొదటిసారి సంతకం పెట్టినందుకో ఏమో, హాయిగా ఒక బిస్కెట్ తీసుకుని చాయ్‌లో ముంచుకున్నాడు.

నర్మదకి ఎగిరి గంతేయాలనిపించింది. అభ్యంతరం పోయింది, తప్పు దొరికింది, ఆదివారానికి ఇంకా టైముంది. మల్లయ్య అప్పుడే పక్క షాపువాడికి వినబడేలా "మా బిడ్డ, మా సార్, ఇద్దరు గల్సి సరిజేసిన్రు" అని మొదలుపెట్టాడు. మా సార్ ఎప్పుడయ్యాడో మరి!

సరిగ్గా అప్పుడు నర్మద ఫోను మోగింది. గోరింక విడుదల చూసుకునేవాళ్ల జవాబు. ఇంత తొందరగా వాళ్లెప్పుడూ జవాబివ్వరు. నవ్వుతూ తెరిచింది. చదువుతుంటే ఆ నవ్వు కాస్తా మాయమైంది.

"ఏమంటున్రు బేటా?"

ఆమె తడబడుతూ చదివింది. "'అభ్యంతరం మూసేశాం, సంతోషం. అయితే తన దగ్గర మెషీన్ లేదని, ప్రోగ్రాంని పరీక్షించకుండానే విడుదల చేస్తున్నానని రచయితే ఒప్పుకున్నారు. పరీక్షించే దిక్కు లేని ప్రోగ్రాంని మేం ఉంచుకోలేం. రాసినవారు, ప్యాకేజీ కట్టేవారు కాక, సొంత మెషీన్ ఉన్న మూడో మనిషి ఒకరు ఆదివారం లోపల ఈ పేజీలో తన పేరుతో ముందుకు రావాలి. ఈ వెర్షన్ ఎలా కోసిందో తానే రాయాలి, ఇక మీద ప్రతి వెర్షన్‌కీ రాయాలి. లేదంటే 'కోత'ని తీసేస్తాం.'"

ఇంద్రసేన చేతిలో బిస్కెట్ విరిగి చాయ్‌లో మునిగింది. "నా నోటితోని నేనే ముంచిన," అన్నాడు. "నువ్వు తీసెయ్యమంటివి. నేను వినకపోతిని."

"మూడో మనిషి," అంది నర్మద తనలో తాను. "సొంత మెషీన్ ఉన్నోళ్లు. నేను కాదు, మీరు కాదు..."

ఆమె మాట పూర్తి కాలేదు. ఇద్దరి తలలూ ఒక్కసారే తిరిగాయి.

మల్లయ్య పక్క షాపువాడికి చెప్తున్న గొప్పలు ఆపి వెనక్కి చూశాడు. పుట్టి బుద్ధెరిగి ఒక్క మెయిల్ రాయలేదు ఆయన. ఫోనులో ఏదైనా నొక్కమంటేనే బిడ్డని కేకేసే మనిషి.

"ఏంది?" అన్నాడు. "నా దిక్కు గట్ల చూస్తున్రేంది ఇద్దరు?"

ఇంద్రసేన లేచి తన కుర్చీని కంప్యూటర్ ముందు సరిగ్గా పెట్టి, చేత్తో దులిపాడు. "రా మల్లయ్య భాయ్, కూసో. ఇప్పట్నించి మేమిద్దరం ఏం తప్పు చేసినా లోకమంతా చూసేటట్టు మమ్మల్ని తిట్టాల్సింది నువ్వే."

మల్లయ్య కుర్చీ వైపు చూశాడు, కీబోర్డు వైపు చూశాడు, బిడ్డ మొహం వైపు చూశాడు.

"తిట్టుడు నాకు మస్తుగొస్తది సార్," అన్నాడు. "ఇంగ్లీషుల తిట్టుడే రాదు. ఆదివారం లోపల నేర్పుతరా?"